తాళం వేసినంత మాత్రాన ఇల్లు పాడుబడ్డట్టేనా? ఐఆర్‌డీఏఐకి బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) అధ్యక్షులకు, సభ్యులకు,
హైదరాబాద్.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కోనసీమ మనిషిని. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి, రిటైరయ్యాక కూడా పిల్లల దగ్గర ఇక్కడే ఉండిపోయాను. మీ ఆఫీసుకు మా ఫ్లాటు నుంచి సిటీ బస్సులో గంట ప్రయాణం. నా సొంత ఇల్లు మాత్రం అమలాపురం దగ్గర పల్లెటూళ్లో ఉంది. దానికి చేరాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. ఏడాదిలో పది నెలలు ఆ ఇంటికి తాళమే.

ఆ ఇంటి బీమా గురించే ఈ ఉత్తరం. నా ఒక్కదాని గోడు అయితే మీకు రాసేదాన్ని కాదు. మా వీధిలో పద్దెనిమిది గడపలుంటే ఏడింటికి తాళాలున్నాయి. ఒకరు కువైట్‌లో, ఒకరు దుబాయిలో, ఇద్దరు అమెరికాలో కొడుకుల దగ్గర, మిగతావాళ్లు నాలాగా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. భోగికి రెండు రోజుల ముందు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. వీధంతా ముగ్గులు, పిల్లలు, అరిసెల వాసన. ముక్కనుమ దాటగానే ఒక్కొక్క ఇంటికీ మళ్లీ తాళం పడుతుంది. మా వీధే కాదు, గోదావరి జిల్లాల్లో, కడప జిల్లాలో, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. ఇన్ని లక్షల మంది బతుకుతెరువు కోసం ఊరు దాటిపోయిన రాష్ట్రాల్లో తాళం వేసిన ఇల్లు వింత కాదు. మీ పాలసీ కాగితాల్లో మాత్రం అది ఇప్పటికీ వింతే.

మన భాషలో ఖాళీ ఇళ్లకు వేరు వేరు మాటలున్నాయి. మనుషులు ఊరెళ్లారు, సామాను లోపలే ఉంది, తిరిగి వస్తారు అంటే అది తాళం వేసిన ఇల్లు. సామాను తీసేసి, అమ్మకానికో అద్దెకో పెట్టి, లోపల ఏమీ లేకుండా ఉంటే బోసి ఇల్లు. ఇక వచ్చే మనిషి లేక, కప్పు కూలి, పిచ్చిమొక్కలు లేస్తే పాడుబడ్డ ఇల్లు. పల్లెలో చిన్న పిల్లాడిని అడిగినా ఏది ఏదో చెబుతాడు. బీమా కంపెనీకి మూడూ ఒకటే. ఇంట్లో మనిషి లేడు, అంతే.

నాకు జరిగింది చెబుతాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఒక్క కంపెనీ మీద పోట్లాట నా ఉద్దేశం కాదు కనుక.

మాది నాన్న కట్టించిన పెంకుటిల్లు. టేకు తలుపులు, ముందు అరుగు, వెనక దొడ్లో తర్వాత కట్టుకున్న స్నానాల గది. నాలుగేళ్లుగా ఇళ్ల కోసం మీరు తెచ్చిన బీమా, భారత్ గృహ రక్ష పాలసీ కడుతున్నాను. దానికి అదనంగా దొంగతనం యాడ్-ఆన్ కూడా తీసుకున్నాను. నాన్న సంవత్సరీకం చేసుకుని జూన్‌లో తాళం వేసి వచ్చాం. పక్కింటి అత్తయ్య ప్రతి శుక్రవారం అరుగు కడిగి, ముగ్గు వేసి, తులసికోట దగ్గర దీపం పెడుతుంది. నేను అడిగిన పని కాదది. మా అమ్మ ఉన్నప్పటి నుంచీ ఆవిడకు అలవాటు. గేటు తాళంచెవి ఆవిడ దగ్గర ఉంది, ఇంటి లోపలి తాళంచెవి నా దగ్గర.

కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ వెనక గోడ ఉబ్బినట్టుందే, ఒకసారి రా" అంది. మర్నాటికి వెళ్లాను. వీధి తలుపు తాళం తీశాను గానీ తలుపు రాలేదు. ద్వారబంధం నీళ్లు తాగి ఉబ్బి, తలుపును పట్టేసింది. ముగ్గురం కలిసి లాగితే వచ్చింది. లోపలి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, తడిసిన సున్నం, కుళ్లిన గుడ్డ, బూజు కలిసిన వాసన. స్నానాల గదిలో కుళాయి దగ్గర ప్లాస్టిక్ ఎల్బో, అంటే పైపు వంపు ముక్క, పగిలింది. మా ఊళ్లో పంచాయతీ నీళ్లు పొద్దున ఒక గంట వస్తాయి. ఆ గంటసేపూ రోజూ నీళ్లు గదిలో నిండి, కొన్ని తూము గుండా దొడ్లోకి, కొన్ని గుమ్మం దాటి ఇంట్లోకి పారాయి. దొడ్లో అరటిచెట్లు ఉండటంతో తడి ఎవరికీ అనుమానం తెప్పించలేదు.

పందిరిమంచం కోళ్లు నల్లబడి మెత్తబడ్డాయి. బీరువా అడుగు తుప్పు పట్టి ఊడిపోయింది. మంచం కింద ట్రంకుపెట్టెలో అమ్మ పెళ్లి పట్టుచీర ఉండేది. దాన్ని విప్పబోతే మడతల దగ్గర చిరిగిపోయింది. పొలం పాసుపుస్తకం అట్ట చేతికి వచ్చింది, లోపలి కాగితాలు ముద్దగా మిగిలాయి. నాన్న ఫొటోను అద్దం నుంచి వేరు చేయలేకపోయాం.

నీళ్ల వాల్వు కట్టేసి వెళ్లాల్సింది, కట్టలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ భారత్ గృహ రక్షలో నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలినా పొంగినా జరిగే నష్టానికి రక్షణ ఉందని రాసి ఉంది. మీరు పెట్టిన మాటే అది. ఆ ధైర్యంతోనే క్లెయిమ్ ఫారం తీసుకున్నాను.

ఫారంలో మూడో వరసలో ఒక గడి ఉంది: నష్టం జరిగిన తేదీ, సమయం.

ఆ గడి ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. జూన్‌లో తాళం వేశాను, నవంబరులో తీశాను. ఎల్బో ఏ రోజు పగిలింది? ఆగస్టులోనా, దసరాకా? అబద్ధం రాయలేను. ఫోన్‌లో ఏజెంటును అడిగితే "చూసిన రోజు తేదీ వేసేయండి మేడమ్, ఏం కాదు" అన్నాడు. అదే వేశాను, పక్కన చిన్న అక్షరాల్లో "ఇది తెలిసిన రోజు, జరిగిన రోజు తెలియదు" అని రాశాను. ఆ చిన్న అక్షరాలే చివరికి నాకు అడ్డొచ్చాయి.

నష్టం అంచనా వేయడానికి సర్వేయరుగా వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. గోడ మీద బొటనవేలితో నొక్కితే పెచ్చు ఊడి ఆయన బూటు మీద పడింది. ఫొటోలు తీసుకున్నాడు, పగిలిన ఎల్బో కవర్లో వేసుకున్నాడు. వెళ్లేముందు "అమ్మా, నేను చూసింది చూసినట్టే రాస్తాను, తేదీ మాత్రం నేనెలా తేల్చను?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు.

తర్వాత వచ్చిన ఉత్తరంలో మూడు కారణాలున్నాయి. నష్టం జరిగిన తేదీ నిరూపణ కాలేదు. ఇది ఒక్కసారిగా జరిగింది కాదు, క్రమంగా జరిగిన చెమ్మ, తరుగుదల కిందికి వస్తుంది. ఇల్లు 30 రోజులకు మించి నివాసం లేకుండా ఉంది. మూడో కారణం ఎక్కడి నుంచి తెచ్చారా అని పాలసీ అంతా మళ్లీ చదివాను. 30 రోజుల షరతు ఉన్నది దొంగతనం యాడ్-ఆన్ పేజీలో. మా ఇంట్లో దొంగతనం జరగలేదు, పైపు పగిలింది. ఒక పేజీ షరతును ఇంకో పేజీ నష్టానికి అంటించారు. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రెండుసార్లు రాశాక కొంత ఇచ్చారు. తలుపులు, ద్వారబంధాలు బాగు చేయించడానికి సరిపోయింది. పాలసీ పత్రం మొత్తం చదవగలిగాను కాబట్టి అదైనా వచ్చింది. చదవలేనివాళ్ల సంగతేమిటి?

ఇంతకీ ఈ 30 రోజుల లెక్క ఎక్కడిదో మీకు తెలియంది కాదు. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఉండేది: ఇల్లు ఖాళీగా 30 రోజులు దాటితే, ముందే కంపెనీ అనుమతి తీసుకుని పాలసీ మీద రాయించుకోకపోతే బీమా వర్తించదని. ఆ షరతు రాసినవాళ్లు ఫ్యాక్టరీలను, గోడౌన్లను దృష్టిలో పెట్టుకుని ఉంటారని నా అనుమానం. మూతపడిన మిల్లులో నిప్పు అంటుకుంటే చూసేవాళ్లుండరు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు మీరు భారత్ గృహ రక్ష తెచ్చారు. అది మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. తక్కువ మొత్తానికి బీమా చేశారని క్లెయిమ్ కోసే పద్ధతి తీసేశారు. ఇంటికి బీమా చేస్తే లోపలి సామానుకు దానంతటదే 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ ఇచ్చారు. ఏటా 10 శాతం చొప్పున బీమా మొత్తం పెరిగే ఏర్పాటు పెట్టారు. మామూలు మనిషి చదివితే అర్థమయ్యే వాక్యాలు రాయించారు. అంత పని చేసినవాళ్లు ఖాళీ ఇంటి సంగతి మాత్రం యాడ్-ఆన్‌లకు, కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఒకరి కాగితంలో 30 రోజులు, ఇంకొకరి కాగితంలో 60. ఖాళీ అంటే ఏమిటో చాలావాటిలో ఒక్క ముక్క ఉండదు.

శుక్రవారం శుక్రవారం దీపం వెలిగే ఇల్లు ఖాళీ ఇల్లేనా? నెలకోసారి పనిమనిషి వచ్చి ఊడ్చే ఇల్లు? సంక్రాంతికి పది రోజులు, వేసవిలో పది రోజులు ఉండి వచ్చే ఇల్లు? రాత్రి ఒక్కరోజు పడుకుంటే 30 రోజుల లెక్క మళ్లీ మొదటికి వస్తుందా? నేను అడిగిన ముగ్గురు ఏజెంట్లు మూడు రకాలుగా చెప్పారు.

మా కోనసీమ సంగతే ఇంకొకటి చెబుతాను. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయింది, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ ఇళ్లకు 30 రోజుల షరతు ఉన్న పాలసీ ఉందనుకోండి. సర్కారు చెప్పింది కాబట్టి తాళం వేసి వెళ్లిన మనిషికి, సరిగ్గా ప్రమాదం పక్కనే ఉన్న రోజుల్లో, రక్షణ తప్పిపోతుంది. వరదకు, తుపానుకు, గ్యాస్ లీకుకు ఖాళీ చేయించినప్పుడు ఆ రోజులు లెక్కలోకి రావని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఇంతవరకు నేను చూసిన ఏ పాలసీలోనూ ఆ వాక్యం కనబడలేదు.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వాడి ఇంటి పాలసీ తెప్పించుకుని, వాడి చేత అర్థం చెప్పించుకుని చదివాను. అక్కడ మన తాళం వేసిన ఇంటికీ, బోసి ఇంటికీ తేడా చూస్తారట. సామానుతో, తిరిగి వచ్చే ఉద్దేశంతో తాళం వేసిన ఇల్లు వేరు, ఖాళీ చేసి వదిలేసిన ఇల్లు వేరు. అక్కడ చాలా ఇంటి పాలసీల్లో అల్లరిమూకలు ధ్వంసం చేయడం లాంటి కొన్ని నష్టాలకు 60 రోజుల గడువు ఉంది, ఆ గడువు వదిలేసిన ఇంటికే. చలికాలంలో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలితే, ఇంట్లో వేడి ఉంచారా, లేదంటే నీళ్లు కట్టేశారా అని అడుగుతారు. అంటే మనిషి ఉన్నాడా లేడా అనడం కన్నా, ఇంటిని పట్టించుకున్నారా లేదా అన్నది చూస్తారు. అమెరికా పద్ధతులన్నీ మనకు కావాలని అనను, అక్కడి ప్రీమియాలు వింటే కళ్లు తిరుగుతాయి. ఈ ఒక్క తేడా మాత్రం మన భాషలో ఎప్పటి నుంచో ఉంది, మన పాలసీల్లోకే రాలేదు.

పోలీసులకు కూడా ఈ సంగతి అర్థమైంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఏర్పాటు చేశారు. ఊరెళ్లే ముందు యాప్‌లో చెబితే, వాళ్లొచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. పల్లెలకు ఇంకా అంతగా చేరలేదు, అయినా ఆలోచన మంచిది. "నేను ఇంట్లో లేను, కాస్త చూడండి" అని పోలీసులకు చెప్పిన మనిషి జాగ్రత్త పడినట్టా, పడనట్టా? ఆ నమోదును బీమా కంపెనీకి ఇచ్చిన సమాచారంగా ఎందుకు తీసుకోకూడదు?

నేను కోరేది పెద్దదేం కాదు. ఇల్లు చూసుకునే మనిషి ఫలానా అని పాలసీ తీసుకునేటప్పుడే రాసే వీలివ్వండి. ఆ మనిషి పదిహేను రోజులకోసారి లోపలికి వెళ్లి, నాలుగు గదులూ ఫోన్‌తో ఫొటో తీసి కంపెనీ నంబరుకు పంపిస్తే, ఇంట్లో మనిషి ఉన్నట్టే లెక్కేయండి. వెళ్లేముందు నీళ్ల వాల్వు కట్టాలి, కరెంటు మెయిన్ ఆపాలి, గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు తీయాలి అని షరతులు పెట్టండి, పాటిస్తాం. కాస్త ఎక్కువ ప్రీమియం అడిగినా కడతాం. పాటించలేని షరతు పెట్టి, నష్టం జరిగాక దాన్ని బయటికి తీయడం వద్దు.

ఇక తేదీ గడి. తాళం వేసిన ఇంటికి ఒక్క తేదీ అడగడమే తప్పు. రెండు తేదీలు అడగండి: ఇల్లు బాగుండగా చివరిసారి చూసిందెప్పుడు, నష్టం మొదట కనబడిందెప్పుడు. ఈ రెంటి మధ్య పాలసీ నడుస్తూ ఉంటే చాలదా? 2011 సెప్టెంబరు 20న మీ సంస్థే కంపెనీలకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆలస్యంగా చెప్పారన్న ఒక్క సాకుతో యాంత్రికంగా క్లెయిమ్ తిరగ్గొట్టొద్దని, సకాలంలో చెప్పినా ఆ క్లెయిమ్ చెల్లేది కాదని రుజువైతేనే తిరస్కరించాలని. 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో కాగితాలు లేవని క్లెయిమ్ తిరస్కరించొద్దన్నారు. సర్వేయరు 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలన్నారు. మీ మాటల్లో ఉన్న ఈ న్యాయం మా ఊరి ఇంటి గుమ్మం దాకా రావాలంటే, ఫారంలో ఆ గడి మారాలి.

కోతుల మాట కూడా ఎత్తకుండా ఉండలేను. పాతికేళ్లు ఆఫీసులో నా పక్క సీటులో కూర్చున్న స్నేహితురాలిది జగిత్యాల వైపు ఊరు. ఇద్దరు తమ్ముళ్లూ దుబాయిలోనే. ఊళ్లో పెంకుటిల్లు, తల్లి పోయాక తాళమే. కోతుల మంద పెంకల మీద ఎగిరి, వాసాలు ఊపి, ఒక మూలంతా చిల్లు చేశాయి. దానిలోంచి రెండు వానాకాలాలు ఇంట్లోకి వాన కురిసింది. క్లెయిమ్ పెడితే జంతువుల వల్ల జరిగింది రాదన్నారు. నేను పాలసీలు తిరగేసి చూశాను. పాత ఫైర్ పాలసీలో, ఇంటివాళ్లది కాని జంతువు నేరుగా వచ్చి గుద్దుకుంటే జరిగే నష్టానికి రక్షణ ఉండేది. భారత్ గృహ రక్షలో బయటి వస్తువు ఏది తగిలినా అని రాసి, వాహనం, చెట్టు, విమానం, గోడ అని ఉదాహరణలిచ్చారు. జంతువు పేరు కనబడలేదు. కోతి బయటి వస్తువు అవునా కాదా? పార్వతీపురం మన్యంలో, పలమనేరు, కుప్పం వైపు ఏనుగు వచ్చి గోడ నెట్టేస్తే? విమానం పడటం కన్నా కోతి పడటం మా ఊళ్లలో మామూలు కదండీ. ఉదాహరణల్లో ఆ రెండు మాటలు కూడా చేర్చండి. స్నేహితురాలు ఆ రోజు ఫోన్‌లో అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది: "తాళం ఏస్తే ఇల్లు మనది కాకుంట పోతదా అక్కా?"

చెదలు, ఎలుకలు, ఏళ్ల తరబడి పట్టే చెమ్మ బీమాలోకి రావంటే ఒప్పుకుంటాను. అది ఇంటిని చూసుకోవడంలో భాగం. కబ్జా కూడా రాదని రాశారు, ఎవరైనా అక్రమంగా చొరబడి ఇల్లు స్వాధీనం చేసుకుంటే బీమా వర్తించదని. అది పోలీసులు, కోర్టులు చూడాల్సిందే, సరే. కానీ అసలు పాలసీలో దొంగతనానికి ఉన్న ఏడు రోజుల గడువు మాత్రం ఆలోచించాలి. తుపానుకో అగ్నిప్రమాదానికో ఇల్లు దెబ్బతింటే, దాని వల్ల ఏడు రోజుల లోపు జరిగిన దొంగతనానికే రక్షణ. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది. కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో అక్కడివాళ్లకు గుర్తుంటుంది. తలుపు ఊడిన ఇంటిని కువైట్ నుంచి యజమాని ఏడు రోజుల్లో ఎలా కాపాడుకుంటాడు? వార్త తెలియడానికే మూడు రోజులు, సెలవు, టికెట్ దొరకడానికి మూడు. తాళం వేసిన ఇళ్లకైనా ఆ గడువు పెంచండి.

ఇంకొకటి ఉంది, అది నా ఇంటికి సంబంధించింది కాదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఏళ్లుగా ఊరిని తింటోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు ఒక్కొక్కటే పోయాయి. గోదావరి లంకల్లో ఒడ్డు కోసుకుపోయి కొబ్బరితోటలు, ఇళ్లు నదిలో కలుస్తాయి. భారత్ గృహ రక్షలో నేల కుంగడానికి, కొండచరియలకు రక్షణ ఉంది గానీ, సముద్రపు కోత, నది కోత మినహాయింపుల్లో ఉన్నాయి. పోతుందని ముందే తెలిసినదానికి బీమా ఎలా ఇస్తామని కంపెనీలు అంటాయి. వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది. ఆ ఇళ్లను ప్రభుత్వమే ఆదుకోవాలి. నా అభ్యంతరం ఆ పాలసీ అమ్మే పద్ధతి మీద. ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఇంటివాళ్లకు "వరద, తుపాను, ఉప్పెన అన్నీ కవర్" అని చెప్పి ప్రీమియం తీసుకుంటారు. కోత రాదన్న మాట నోటితో చెప్పరు. ఒడ్డు పక్కన ఇళ్లకు ఆ మినహాయింపును మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో, తెలుగులో వేయించండి.

తెలుగు అంటే గుర్తొచ్చింది. నా పాలసీ పత్రమంతా ఇంగ్లిష్‌లో ఉంది. నాకు వచ్చు కాబట్టి సరిపోయింది. పక్కింటి అత్తయ్యకు తన ఇంటికి కూడా పాలసీ ఉందని తెలుసు, బ్యాంకువాళ్లు లోనుతోపాటు అంటగట్టారు. దానిలో ఏముందో ఆవిడకు తెలియదు, కాగితం దేవుడి అలమారలో పసుపు కుంకాల పక్కన భద్రంగా ఉంది. మీ సంస్థ హైదరాబాద్‌లో ఉంది. తెలుగు నేల మీద కూర్చుని దేశమంతటికీ నియమాలు రాస్తున్నారు. కనీసం ఇంటి పాలసీలోని ముఖ్యాంశాల పేజీ, ఖాళీ ఇంటి షరతు, క్లెయిమ్ ఫారం, ఈ మూడూ అడిగినవాళ్లకు తెలుగులో దొరికేలా చూడండి. తమిళంలో, ఒడియాలో, హిందీలో కూడా అలాగే. అడిగితే ఇస్తామనడం కూడా చాలదు, అడగాలని తెలియనివాళ్లే ఎక్కువ.

మొన్న సంక్రాంతికి ఇల్లు తెరిచాం. గోడలకు కొత్త సున్నం వేయించాం, స్నానాల గదికి ఇత్తడి వాల్వు పెట్టించాను. లోపలి తాళంచెవి కూడా ఇప్పుడు అత్తయ్య దగ్గరే ఉంది. శుక్రవారం దీపం పెట్టాక లోపలికి వెళ్లి, మనవడి చేత ఫొటో తీయించి వాట్సాప్‌లో పంపిస్తోంది. పందిరిమంచం కోళ్లు మార్పించాం, అమ్మ చీర ముక్కలను ఇంకా ఏం చేయాలో తెలియక అదే పెట్టెలో ఉంచాను.

వచ్చే నెల పాలసీ రెన్యూవల్ ఉంది. ఆ ఫారంలో "ఇంట్లో ఎవరు నివసిస్తున్నారు?" అని ఒక గడి ఉంది. నేను నిజమే రాయాలి, రాస్తే రేపు అదే నాకు అడ్డం తిరగకూడదు. ఆ గడిలో ఏమని రాయాలో మీరు చెప్పండి. నాకు ఒక్కదానికి జవాబు రాస్తే చాలదు, కంపెనీలన్నింటికీ కలిపి ఒక్క సర్క్యులర్‌లో చెప్పండి.

ఇట్లు,
కోనసీమలో తాళం వేసిన ఒక ఇంటి యజమానురాలు